సేకరించినవారు

సోమవారం పొద్దున శాఖాధిపతి తిరుమలయ్య హెర్బేరియం గదిలోకి వచ్చేసరికి నారాయణి కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని ఒక ఎండు తీగను అట్టకు కుడుతూ ఉంది. ఆయన ఈ గదికి రావడం అరుదు. కలరా ఉండల వాసన పడదు. ఆరోజు కూడా చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గడప దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"శనివారం పూర్వవిద్యార్థుల సమావేశం కదమ్మా. మన వృక్షశాస్త్ర శాఖకు నలభై ఏళ్లు. కింద హాల్లో ఎనిమిది మంది ఫోటోలు పెడతా ఉన్నాము. ఇద్దరు కలెక్టర్లు, అడవుల శాఖలో పెద్ద ఆఫీసరు, విత్తనాల పరిశోధన సంస్థ డైరెక్టరు... నడిమధ్యలో లక్ష్మీనరసింహ గారు. మన శాఖలో చదివి వైస్ ఛాన్సలర్ అయింది ఆయనొక్కరే. ఆయన ఫోటో కింద గాజుపెట్టె. దాంట్లో ఆయన కనిపెట్టిన మొక్క."

"పదకొండు వందల ఏడా సార్?"

"నంబర్లు నాకేం తెలుసు. ఎర్ర కవరులో ఉంటుంది చూడు. పక్కన పెట్టేదానికి నాలుగు ముక్కలు కార్డు మీద టైపు చెయ్యి. ఎక్కడ దొరికింది, పువ్వు ఏ రంగు, అట్లాంటివి."

ఆయన వెళ్లాక నారాయణి సూదిని అట్టకు గుచ్చి లేచింది. ఈ గదిలో నలభై వేల ఎండు మొక్కలున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో అట్టమీద, కుడివైపు కింది మూలన ఒక లేబులుతో. ఏ మొక్క, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, సేకరించినవారెవరు. బి.ఎస్సీ. ఈ యూనివర్సిటీలోనే చదివి, ఇదే గదిలో ఉద్యోగంలో చేరి ఆమెకు పందొమ్మిదేళ్లు. ఏ బీరువాలో ఏ వరసన ఏముందో చీకట్లో తడిమి చెప్పగలదు. ఎర్ర కవర్లు మాత్రం మొత్తం మీద పదకొండే. లోకంలో ఇంతకుముందు ఎవరూ పేరు పెట్టని మొక్కకు మొదటిసారి పేరు పెట్టినప్పుడు, ఏ షీటును చూసి పెట్టారో అది ఎర్ర కవరులో ఉంటుంది. ఆ తరువాత ఏ దేశంలో ఎవరికి అనుమానమొచ్చినా ఆ షీటునే అడగాలి.

కవరు విప్పి చూసింది. జానెడు మొక్క. ఆరు ఆకులు, మూడు పూలు. ఊదారంగు ఎప్పుడో పోయి టీ నీళ్ల రంగుకు వచ్చింది. కాడను పట్టి ఉంచిన జిగురు పట్టీలు రెండు లేచిపోయాయి. దూదిని నీళ్లలో ముంచి, పిండి, మూడో పట్టీ మీద అదిమి పెట్టి, అది మెత్తబడేదాకా ఆగింది. పాతదాన్ని గోటితో కాకుండా పట్టకారుతో లాగి, తెల్లదారంతో మూడు చోట్ల కుట్టు వేసింది. వెనకవైపు ముడులు కింది షీటును గీరకుండా వాటి మీద చిన్న కాగితం అంటించింది. ఇంత పనికి గంటన్నర పట్టింది.

లేబులు బాగానే ఉంది. మామండూరు అడవి. 14-11-1968. సేకరించినవారు: లక్ష్మీనరసింహ.

కార్డుకు పువ్వు రంగు కావాలి. అది ఫీల్డుబుక్కులో ఉంటుంది. అడవిలో మొక్క కోసిన చోటే పెన్సిలుతో రాసుకునే పుస్తకం అది. అరవై ఎనిమిదో సంవత్సరం పుస్తకం అడుగు అరలో దొరికింది. ఖాకీ అట్ట, అంచుల్లో చెదలు తిన్న గుర్తులు. మొదటి పేజీలో ఎవరెవరు వెళ్లారో ఉంది: లక్ష్మీనరసింహ, చిన్నబ్బ (అటెండరు).

పద్నాలుగో తేదీ పేజీ తీసింది. ముందురోజువి, 1101 నుంచి 1106 దాకా, మామండూరు అని వరసగా ఉంది. 1107 దగ్గర చోటు పేరు ఏదో రాసి, సిరాతో దట్టంగా కొట్టేసి, పైన 'మామండూరు' అని మళ్లీ రాసి ఉంది. 'పువ్వు లేత ఊదా, గొంతులో పసుపు చుక్క.' పక్కన ఖాళీలో చిన్న అక్షరాలు.

'చి. తెచ్చాడు. నేనింకా చూడలేదు. ఎల్లుండి పోవాలి.'

నారాయణి మళ్లీ చదివింది. కుర్చీ కిటికీ వైపుకు జరుపుకుని పేజీని వెలుతురుకు ఎత్తి పట్టింది. పైన సిరా ఎంత పూసినా, కింద పెన్సిలు గట్టిగా నొక్కి రాసిన గీత వెనకవైపు తేలి ఉంది. అద్దంలో అక్షరాల్లా తిరగబడి ఉన్నా కూడబలుక్కుంటే తెలిసింది. మామండూరు కాదు. ఆ దరిదాపుల్లోనిది కూడా కాదు.

మొక్క తెచ్చింది చిన్నబ్బ. చోటు వేరే. కింద పేరు మాత్రం లక్ష్మీనరసింహది. ఆ మొక్కతోనే ఆయనకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఒక్కో మెట్టూ ఎక్కి వైస్ ఛాన్సలర్ దాకా పోయాడు. చిన్నబ్బ అటెండరుగా చేరి అటెండరుగానే రిటైరయ్యాడు.

ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసి, తోటలోకి నడిచింది.

శాఖ వెనక తోట ఉంది. రిటైరై రెండేళ్లయినా చిన్నబ్బ పొద్దున ఏడింటికల్లా అక్కడికి రావడం మానలేదు. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. శనివారం వేదిక ముందు పెట్టడానికి క్రోటన్ కుండీలు కడుగుతున్నాడు. కుండీని ఒళ్లో పెట్టుకుని, కొబ్బరి పీచుతో అంచు చుట్టూ నాచు రుద్ది, చెంబుతో నీళ్లు పోసి, ఆకుల్ని ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

"చిన్నబ్బన్నా, పదకొండు వందల ఏడు నువ్వు తెచ్చినావా?"

అతను తల ఎత్తలేదు. "నంబర్లు నాకు యాడ తెలుస్తాయి నారాయణమ్మా."

"ఊదా పువ్వు. గొంతులో పసుపు చుక్క."

తడిగుడ్డ ఆకు మీద ఆగింది. "సినుకు పువ్వా," అన్నాడు. "దాన్ని ఇప్పుడు యాల ఎత్తినావు?"

"శనివారం గాజుపెట్టెలో పెడతారంట. ఫీల్డుబుక్కు చూసినాను. నువ్వు తెచ్చినావని సారే రాసుకున్నారు. చోటు కూడా రాసి కొట్టేసినారు."

చిన్నబ్బ కుండీని పక్కన పెట్టి లేచాడు. ముఖంలో ఉన్న తీరికంతా పోయింది. "కొట్టేసింది కనబడతా ఉండాదా?"

"వెలుతురుకు పెట్టి చూస్తే తెలుస్తుంది."

"నువ్వు సదివినావా?"

"చదివినాను."

అతను తోట అవతల రోడ్డు మీద అలిపిరి బస్సు మలుపు తిరిగి పోయేదాకా అటే చూశాడు. "అయితే ఇప్పుడు ముగ్గురం," అన్నాడు. "ఇన్నాళ్లూ ఇద్దరమే."

నారాయణికి అర్థం కాలేదు. అతను మామిడిచెట్టు కింద దిమ్మె చూపించి, ఆమె కూర్చున్నాక తను నేలమీద గొంతుక్కూర్చుని చెప్పాడు.

"దానికి ముందేడు ఒగ గడ్డమొక్క సూపించినా. యాడినుంచో ముగ్గురు వచ్చినారు. పెద్ద సదువులోళ్లే. నేనే ముందు నడిచి సూపిస్తి. మళ్లేడు నేనొగణ్నే పోయి సూస్తే ఒగటంటే ఒగటి లేదమ్మా. గుంతలుండాయి. వాళ్లు పీక్కోనిపోయినారో, వాళ్లు సెప్తే ఇంగెవురన్నా వచ్చి పీకినారో. దారి సూపించింది నేనే కదా. వారం దినాలు నాకు కూడు దిగలే."

"మరి ఇది?"

"అప్పుడు సారుకు జొరం. మామండూరు బంగళాలో దుప్పటి కప్పుకోని పండుకోనుండాడు. నేను మా ఊరికి పోయి బియ్యం తెస్తామని అడ్డదారిన పడినా. వాన పట్టుకునింది. ఒగ బండకింద దూరితే నెత్తిన సినుకు పడతా ఉండాది. తలెత్తితినా, ఈ పువ్వులు. రాతిని కరసకోని పదారు మొక్కలు. మనం ఎప్పుడూ సూసింది కాదని తెలిసిపాయ. రెండు పీకి, తడిగుడ్డలో పెట్టి తెస్తిని. సారు లేచి కూసున్నాడు. జొరం యాడపాయనో." అతను నవ్వాడు. నవ్వి, మళ్లీ గంభీరమయ్యాడు. "ఎల్లుండి ఆయన్ని ఆడికి తీసకపోయినా. ఆయన సూసినాడు, బొమ్మ గీసుకున్నాడు, ఒగటీ ముట్టుకోలే. అప్పుడడిగినా. సారూ, ఈ సోటు పేరు మాత్రం రాయొద్దు, నా మాదిరి ఇంగొగడు దారి సూపిస్తాడు, అని. ఆయన పొస్తకం తీసి నా ముందరే కొట్టేసినాడు."

నారాయణి పొద్దున్నుంచీ మోసుకుంటూ వచ్చిన కోపం నిలబడడానికి చోటు వెతుక్కుంది.

"ఇప్పుడుండాయా?"

"యేడేడూ కార్తీకంలో పోయి లెక్కబెడతా. మొన్న సోమారం పోయొచ్చినా. నలభై ఒగటి."

"సరే, చోటు దాచమన్నావు. పేరో? నీ పేరు రాయొద్దని కూడా నువ్వే చెప్పినావా?"

చిన్నబ్బ కొబ్బరి పీచును చేతిలో ఉండలా చుట్టాడు, విప్పాడు.

"పేరు సంగతి నేనేమీ సెప్పలే. ఆయనా అడగలే. నాకు అచ్చరం రాదు కదమ్మా. ఆ లేబులులో నా పేరు ఉంటాదనే అనుకుంటి శానా దినాలు. బీరువా తుడిసేటప్పుడల్లా ఆ ఎర్ర కవరు నా సేతుల్తో తీసి పెట్టేవాణ్ని. నాలుగైదేండ్లకు ఒగ పిల్లోడు సదివి సెప్పినాడు, లేదు అని. లేదా, సరేలే అనుకున్నా."

అతను మళ్లీ కుండీ అందుకున్నాడు. నారాయణి లేచి గదికి వచ్చింది. అన్నం తినలేదు. ఖాకీ అట్ట పుస్తకాన్ని అడుగు అరలో పెట్టడానికి వంగి, మనసు మార్చుకుని, ఎర్ర కవర్లుండే బీరువాలో అన్నిటికంటే వెనక పెట్టి తాళం వేసింది. కొట్టేసిన మాట మీద మరింత సిరా పూయడం ఆమె వల్ల కాదు. ఉన్న కాగితాన్ని ఉన్నట్టు కాపాడడమే ఆమె ఉద్యోగం.

మరునాడు ఆమె తిరుమలయ్య గదికి వెళ్లింది. చోటు సంగతి ఎత్తలేదు. పుస్తకంలో చిన్నబ్బ తెచ్చినట్టు ఉందని మాత్రం చెప్పింది.

"అయితే ఏమంటావు?"

"కార్డు మీద ఆయన పేరు వేస్తామా సార్?"

తిరుమలయ్య ఆహ్వానపత్రికల కట్టను రబ్బరుబ్యాండు వేసి పక్కన పెట్టాడు. చెడ్డమనిషి కాదు. చిన్నబ్బ రిటైరైనప్పుడు శాలువా కొని కప్పింది ఆయనే. "చూడమ్మా, అడవిలో అటెండర్లు మొక్కలు కోస్తారు, సంచి మోస్తారు. అది వాళ్ల పని. అచ్చయిన పేపర్లో ఆయన పేరుంది, లేబులులో ఆయన పేరుంది. కార్డు మీద ఇంకో పేరు వేస్తే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? పాత లేబులు మీద అక్షరం మార్చగూడదని నీకు నేను చెప్పాల్నా?"

"మార్చను సార్. పక్కన చీటీ అంటించవచ్చు కదా."

అది నిజమే. ఏ షీటు మీదైనా పాత లేబులు తప్పని తేలితే, దాన్ని చెరపకుండా, పైన ఒక చిన్న చీటీ అంటిస్తారు. సరిచేసిన శాస్త్రవేత్త సంతకం, తేదీ ఉండాలి. అప్పటినుంచి ఆ చీటీదే చెల్లుబాటు.

"ఎవరు పెడతారు సంతకం? నేను చూడలేదు, నువ్వు చూడలేదు. లక్ష్మీనరసింహ గారే పెట్టాలి." తిరుమలయ్య కళ్లజోడు తీసి తుడిచాడు. "పండగ పూట మనిషిని పిలిచి, ముఖం మీద చీటీ పెట్టి... సరే, అడిగితే అడుగు. చిన్నబ్బ సహాయంతో, అని రాయి. మర్యాదగా ఉంటుంది. ఆయన కాదంటే మాత్రం ఇంక ఎత్తొద్దు."

నారాయణి చీటీ టైపు చేసింది. 'చిన్నబ్బ సహాయంతో సేకరించబడినది.' కింద సంతకానికి గీత. దాన్ని అంటించకుండా ఎర్ర కవరులో షీటు మీద పెట్టింది. బుధ, గురు, శుక్రవారాలు వేరే పనుల్లో గడిచాయి. దేవస్థానం ఆఫీసులో పనిచేసే ఆమె భర్త వేంకటాచలపతి రెండుసార్లు అడిగాడు, ఏమంత ఆలోచన అని. చెప్పాలనిపించింది. చెబితే చోటు గురించి కూడా చెప్పాల్సి వస్తుందేమోనని ఊరుకుంది. ముగ్గురం అన్న మాట ఆమెకు బరువుగానే కాదు, కొంచెం ఇష్టంగా కూడా ఉంది.

శనివారం తొమ్మిదిన్నరకు సభ. ఎనిమిదికే హెర్బేరియం తలుపు దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. యాభై అయిదేళ్ల మనిషి, పలచని జుట్టు, నలగని చొక్కా. వెంట ఎవరూ లేరు.

"రావచ్చునా అమ్మా? కారు గేటు దగ్గరే దిగి నడిచి వచ్చినాను. లోపలికి వస్తే మళ్లీ జనం చుట్టేస్తారు."

ఫోటోలో కంటే చిన్నగా ఉన్నాడు లక్ష్మీనరసింహ. కలరా ఉండల వాసనను గుండెనిండా పీల్చి, బీరువాల మధ్య నడుస్తూ పిడుల్ని ఒక్కొక్కటే తాకాడు. "ఆ కిటికీ కాడ నా బల్ల ఉండేది. ఇప్పుడు నీదా? మంచి వెలుతురు." ఆమె కుట్టి పెట్టిన తీగను చూసి, అట్ట తిప్పి వెనకవైపు ముడులు చూశాడు. "మా రోజుల్లో ఇంత శుభ్రంగా కుట్టేవాళ్లు లేరు."

"పదకొండు వందల ఏడు చూస్తారా సార్? కిందికి తీసుకుపోవాల."

ఎర్ర కవరు విప్పితే మొదట కనిపించింది చీటీ. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, చీటీని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. నారాయణి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఫీల్డుబుక్కు చూసినావన్నమాట."

"చూసినాను సార్. చిన్నబ్బన్నను కూడా అడిగినాను. చోటు సంగతి చెప్పినాడు. నేను ఎవరికీ చెప్పలేదు."

ఆయన ముఖం ఒక్కసారి విప్పారింది. "చెప్పినాడా! ఆ చోటు అడుగుతూ నాకు ఎన్ని ఉత్తరాలు వచ్చినాయో తెలుసా అమ్మా? జర్మనీ నుంచి ఒకాయన నాలుగుసార్లు రాసినాడు. మామండూరంతా వెతికి లేదని తిట్టిపోసినవాళ్లు ఉన్నారు. మొక్కే అబద్ధమని పేపరు రాసినాడు ఒకడు. నోరు మూసుకుని పడినాను. నా దగ్గర చదివిన పిల్లలకు కూడా చెప్పలేదు. చిన్నబ్బకిచ్చిన మాట."

ఆ మాటల్లో దాపరికమేమీ లేదు. ముప్పై ఏళ్లు మాట నిలబెట్టుకున్న తృప్తి అది. నారాయణికి ఆయన మీద గౌరవం కలిగింది. అయినా అడిగింది.

"చోటు సరే సార్. పేరు రాయొద్దని ఆయన అనలేదంట."

ఆయన చీటీని బల్ల మీద పెట్టాడు.

"అనలేదు," అన్నాడు లక్ష్మీనరసింహ. "పేరు రాస్తే జనం పోయి ఆయన్ని పట్టుకుంటారు, చోటు బయటపడుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అట్లా అనుకోవడం నాకు బాగా కలిసొచ్చింది కూడా. లేబులు రాసేరోజు ఆ గీత దగ్గర కలం ఆపినాను. గుర్తుంది. ఎదురుగా ఆయనే బీరువా తుడుస్తున్నాడు. ఆపి, నా పేరు రాసినాను."

జేబులోంచి కలం తీశాడు. నారాయణి చీటీని ఆయన ముందుకు జరిపింది. ఆయన మళ్లీ చదివి, తల అడ్డంగా ఊపాడు.

"దీని మీద నేను సంతకం పెట్టను."

ఆమె చెయ్యి చీటీ మీదే ఆగిపోయింది.

"సహాయం ఏంది అమ్మా? ఎవరికి సహాయం? ఆరోజు నేను మంచం దిగలేదు. ఖాళీ చీటీ ఉందా?"

ఆమె సొరుగు లాగి తీసి ఇచ్చింది. ఆయన కూర్చుని, తన పాత బల్ల మీద, నిదానంగా అచ్చక్షరాల్లో రాశాడు. 'ఈ మొక్కను మొదట చూసినవారు, సేకరించినవారు: చిన్నబ్బ. ఒక్కరే. లేబులులో నా పేరు రాయడం పొరపాటు, ఆ పొరపాటు నాది.' తేదీ వేసి సంతకం పెట్టాడు. పైన ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో మళ్లీ రాశాడు. "ఇంగ్లీషు లోకానికి. తెలుగు మనకు," అన్నాడు. "జిగురు ఉందా? ఇప్పుడే అంటించు. నేను చూడాల."

నారాయణి కుంచెతో చీటీ వెనక జిగురు పూసి, పాత లేబులుకు పైన అంగుళం ఎడంలో పెట్టి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచులకు ఒత్తింది. ఎక్కడా బుడగ రాలేదు.

సభ అన్ని సభల్లాగే జరిగింది. అడవుల శాఖ ఆఫీసరు ఎక్కువసేపు మాట్లాడాడు. కలెక్టర్లలో ఒకాయన రాలేదు. లక్ష్మీనరసింహ తన గురువుల్ని తలుచుకున్నాడు, హాస్టలు సాంబారు గురించి చెప్పి నవ్వించాడు. చివర్లో ఒక్క మాట అన్నాడు. "హాల్లో గాజుపెట్టె ఉంది. నా ఫోటో చూడకపోయినా ఫరవాలేదు, కింద చీటీ చదవండి." సగం మంది అప్పటికే భోజనాలవైపు లేచారు. చప్పట్లు కూడా పలచగానే పడ్డాయి. నారాయణికి మొదట చిన్నగా నిరాశ కలిగింది. తరువాత అనుకుంది, ఉపన్యాసం ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ అట్టను తను సరిగా కుట్టింది. ఇంకో రెండు వందల ఏళ్లు ఉంటుంది.

భోజనాల వేళ ఆమె చిన్నబ్బను వెతుక్కుంటూ వేదిక వెనక్కి పోయింది. అతను కుండీల మధ్య నిలబడి ఉన్నాడు. ఎదురుగా లక్ష్మీనరసింహ, చేతిలో విస్తరితో.

"పూసిందా ఈ యేడు?"

"పూసింది సారూ."

"ఎన్ని?"

"నలభై ఒగటి."

"నలభై ఒకటి," అన్నాడాయన, రుచి చూసినట్టు. "పదహారు నుంచి."

"పద్నాలుగు నుంచి సారూ. నేను రెండు పీకినా కదా."

ఇద్దరూ నవ్వారు. "ఒకసారి పోయి చూసొద్దామా చిన్నబ్బా?"

"మీ మోకాళ్లకు కాదులే. పడితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకోవాల. వైస్ ఛాన్సలర్ కాలికి కట్టు కట్టుకోని కూసుంటే బాగుంటాదా?"

లక్ష్మీనరసింహ విస్తరి పక్కనున్న దిమ్మె మీద పెట్టి, ఎంగిలి చేత్తోనే చిన్నబ్బ భుజం పట్టుకున్నాడు. "చొక్కాకు కూర అయితాది సారూ," అన్నాడు చిన్నబ్బ. అన్నాడే గాని కదల్లేదు.

జనం పలచబడ్డాక నారాయణి అతన్ని హాల్లోకి తీసుకుపోయింది. గాజుపెట్టె ముందు వంగి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు.

"నా పేరు యాడుండాది?"

"ఇదో. ఇక్కడినుంచి ఇక్కడిదాకా."

అతను గాజు మీద ఆ మేర వేలు ఆనించి ఉంచాడు. "ఇంతుంటాదా," అన్నాడు. కొంచెంసేపయ్యాక మెల్లగా, "సోటు?"

"మామండూరు. మార్చలేదు."

"అయితే సరే." పంచె కొంగుతో గాజు మీద పడిన వేలిముద్ర తుడిచి, మళ్లీ మనసు మార్చుకున్నట్టు అదే చోట వేలు పెట్టాడు.

మంగళవారం మధ్యాహ్నం ఎమ్మెస్సీ పిల్లలు అయిదుగురు హెర్బేరియానికి వచ్చారు. ముందున్న పల్లవి మెడలో కెమెరా. ఆదివారం అడవికి పోతున్నారట, మొక్కలు ఎండబెట్టే ప్రెస్సు, పాత పేపర్లు కావాలట.

"గాజుపెట్టెలో చీటీ చదివినాం మేడమ్. చిన్నబ్బ అంటే మన తోట తాతేనంట కదా! ఆయన్నే పిలిచినాం. ఆ పువ్వు చూపిస్తానన్నాడు. ఇప్పటిదాకా ఎవరూ ఫోటో తియ్యలేదంట."

నారాయణి చేతిలోని సూది ఆగింది. వాళ్ల వెనక చిన్నబ్బ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. లక్ష్మీనరసింహ ముప్పై ఏళ్ల కిందట భయపడ్డదే జరిగింది. పేరు బయటికి వచ్చిన మూడో రోజే జనం వచ్చి ఆయన్ని పట్టుకున్నారు.

"యాడికి పోతా ఉన్నారు చిన్నబ్బన్నా?" అంది, గొంతు మామూలుగా ఉంచుకోవాలని ప్రయత్నిస్తూ.

"యాడికేంటమ్మా? మామండూరికి," అన్నాడు. కళ్లు ఆమె కళ్లనే చూస్తున్నాయి. "లేబులులో అదే కదా ఉండాది."

"అక్కడ దొరుకుతుందా తాతా, గ్యారంటీగా?" అంది పల్లవి.

"అడివి కదమ్మా, గేరంటీ ఎట్ట ఇస్తాము. ఒగ యేడు కనబడతాది, ఒగ యేడు దాక్కుంటాది. ఎదుకుదాం. అది దొరకలేదనుకో, ఆ దోవలో నేను పేర్లు సెప్పగలిగినవి నూటయాభై ఉండాయి. మీ సార్లకు తెలియనివి గూడా ఉండాయి."

పిల్లలు నవ్వారు. నారాయణి నవ్వు కనబడకుండా బీరువా వైపు తిరిగి, ప్రెస్సు కిందికి దించి, తోలు పట్టీలు లాగి చూసి, పాత పేపర్ల కట్ట ఒకటి బల్ల మీద పెట్టింది.

చిన్నబ్బ లోపలికి వచ్చి కట్టను చేత్తో తూచి చూశాడు.

"ఇంగొగ కట్ట ఇయ్యమ్మా," అన్నాడు. "శానా దొరకతాయి."